ఆటగంటను ఎవరి యనుమతితో తీసివేసితిరి?

భిలాయి సెక్టర్ 6 నందును, దాని చుట్టుపట్ల సెక్టర్లయందును శిశుపాఠశాలలు నడుపుచున్న నిర్వాహక మహాశయులకు, ప్రధానోపాధ్యాయినులకు,



ఈ విద్యాసంవత్సరారంభమున మీలో కొందరు తల్లిదండ్రులకు పంపిన సూచనాపత్రమును చదివితిని. మూడేండ్లు నిండిన పిల్లలకు ఇంతవరకు ఉదయమున ఉండిన ఆటగంట ఇకమీదట వ్రాత సాధనకు వినియోగింపబడుననియు, ఇసుక గుంట ఉండిన పెరడు వాహనములు నిలుపుటకై సిమెంటు చేయబడినదనియు, అర్ధసంవత్సరాంతమున ప్రతి శిశువునకును పరీక్ష జరుగుననియు ఆ పత్రము గర్వముతో ప్రకటించుచున్నది. ఏ సిద్ధాంతమును నమ్మి, ఏ శాస్త్రమును సంప్రదించి, ఎవరి యనుమతి పొంది ఈ నిర్ణయము చేసితిరో తెలుపు వాక్యము ఒక్కటియైనను అందు లేదు. కావున అడుగుచున్నాను, బహిరంగముగా అడుగుచున్నాను, ఏలయన ఈ విషయము మీకును, ఫీజు కట్టు తండ్రికిని నడుమ ముగియునది కాదు.

భిలాయి ఎవరికి తోచినట్లు వారు ఇండ్లు కట్టుకొనగా పెరిగిన ఊరు కాదు. 1955 ఫిబ్రవరిలో ఉక్కు ప్లాంటు నిర్మాణమునకై సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగినది మొదలు, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటివఱకును, ఆ పిమ్మటను, ప్లాంటుతోపాటు ఈ టౌన్‌షిప్పును కూడ పటముపై గీచి, కొలిచి కట్టినవారు, క్వార్టర్ల వరుసల నడుమ బడికి ఇంత, బజారునకు ఇంత, పిల్లల ఆటకు ఇంత అని నేలను ముందుగనే విడిచిరి. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని ఇచ్చటికి వచ్చిన మా పెద్దలు నైట్ షిఫ్టు దిగి వచ్చి పగటివేళ నిద్రించుచుండగా, ఆ విడిచిన నేలపైననే మా తరము పెరిగినది. మమ్ము మూడవ యేట ఎవ్వరును పరీక్షింపలేదు. ఇనుము కరగించుటకు వచ్చిన వారికి శిశువునకు నేల కావలయునని తోచినది గదా, శిశువులను పెంచుటకే సంస్థలు స్థాపించిన మీకు ఏల తోచదయ్యెను?

మీ పత్రములో ఆటలతో వ్యర్థమగుచున్న కాలమను మాట కలదు. ఈ భావము మీతో పుట్టినది కాదు. జర్మనీలో కవి షిల్లరు, అటుపిమ్మట ఇంగ్లండున హెర్బర్ట్ స్పెన్సరు, ప్రాణికి బ్రదుకుతెరువునకు వినియోగపడగా మిగిలిన శక్తియే ఆటయై పొంగిపొరలునని తలచిరి. ఆ తలపును పట్టుకొన్నవారికి ఆట యనగా మిగులు. మిగులు గనుక కత్తిరింపదగినది. కాని 1896లో జంతువుల ఆటలను గూర్చియు, 1899లో మనుష్యుల ఆటలను గూర్చియు గ్రంథములు రచించిన కార్ల్ గ్రోస్ ఆ వాదమును తలక్రిందులు చేసెను. పిల్లికూన దారపు ఉండను వెంటాడుటలోను, కుక్కపిల్ల తన తోడిదానిని కఱవకయే కఱచినట్లు నటించుటలోను ముందుముందు బ్రదుకునకు కావలసిన నేర్పు అభ్యాసమగుచున్నదనియు, ఎంతయెంత ఉన్నతప్రాణియో దానికి అంతంత దీర్ఘమైన బాల్యము లభించుట ఆ యభ్యాసము కొఱకేననియు ఆయన ప్రతిపాదించెను. ఈ వాదములలో ప్రతిదానికిని లోపములున్నవి. శిశువు తన యాటలలో మానవజాతి పూర్వచరిత్రను మరల అభినయించునని స్టాన్లీ హాలు చెప్పిన మాటను నేడు ఎవ్వరును అంగీకరింపరు. అయినను ఆట వృథాకాలమను మాట మాత్రము గ్రోస్‌తోనే వీగిపోయినది. మీ పాఠశాలలు ఇంకను 1896నకు ఆవలనే నిలిచియుండవలయునా?

ఈ ఊరివారు ప్రత్యేకముగా వినవలసిన పేరు ఒకటి కలదు. ఉక్కువిద్యను మనము ఏ దేశమునుండి నేర్చుకొంటిమో ఆ దేశపు మనస్తత్వవేత్తయే యగు లెవ్ విగోత్‌స్కీ 1933లో లెనిన్‌గ్రాడ్ నగరమున హెర్జెన్ బోధనాశాస్త్ర సంస్థలో శిశువుల ఆటను గూర్చి ఉపన్యసించి, మఱుసటి సంవత్సరమే క్షయవ్యాధితో ముప్పదియేడేండ్ల వయసున మరణించెను. ఆయన కృషి చేసిన శిశుశాస్త్రమే 1936లో కమ్యూనిస్టు పార్టీ కేంద్రసంఘపు శాసనముచే నిషిద్ధమైనది. ఆ యుపన్యాసము 1966 వఱకు అచ్చునకు నోచుకొనలేదు. అనగా ఇచ్చటి కొలుములు వెలిగించుటకు వచ్చిన సోవియట్ ఇంజనీర్లకు సైతము ఆ కాలమున అది చదువ దొరకలేదు. మనకు దొరకినది. దానిని చదివియు మీరు ఇట్టి పత్రము వ్రాయగలిగియుందురని నేను నమ్మను.

ఆయన చెప్పినదేమి? పుల్లను గుఱ్ఱముగా ఎక్కి పరుగెత్తు బాలుడు ఆ క్షణమున వస్తువునుండి దాని యర్థమును వేఱుచేయుచున్నాడు. పుల్ల కంటికి పుల్లగనే కనబడుచున్నను, మనస్సున అది గుఱ్ఱమై నడచుచున్నది. ఒక వస్తువు వేఱొక వస్తువునకు గుర్తు కాగలదని ఎఱుగుట యిదియే మొదలు. రేపు నల్లబల్లపై గీచిన వంకరగీతలో ఒక ధ్వనిని, ఆ ధ్వనులలో ఒక మాటను, ఆ మాటలో ఒక మనిషిని చూడగలుగుటకు కావలసిన మానసికక్రియ ఇది గాక మఱేమి? ఆటనుండి బొమ్మ గీయుటకును, బొమ్మ గీయుటనుండి వ్రాతకును ఒక తెగని త్రోవ కలదని విగోత్‌స్కీ చూపెను. మీరు తొందరపడి నేర్పదలచిన అక్షరమునకు పునాది ఆ పుల్లగుఱ్ఱము. పునాదిని త్రవ్విపోసి, దాని రాళ్ళతోనే మేడకు గోడ లేపుదుమని మీరు తల్లిదండ్రులకు మాట యిచ్చుచున్నారు.

ఆయన చెప్పిన రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. ఆట యనగా విచ్చలవిడి యని మీరు భయపడుచున్నారు. తల్లిగా నటించు పాపను చూడుడు. ఆమె అలసినను చంటిబిడ్డను క్రింద పెట్టదు. తనకు మిఠాయి తినవలయునని యున్నను ముందుగా బిడ్డకు పెట్టును. తల్లి చేయని పని చేసినచో తోడిపిల్లలు ఒప్పుకొనరు. తాను కోరినదానిని తానే అణచుకొని, తానే అంగీకరించిన నియమమునకు లోబడుట ఆ పసిబిడ్డకు ఆటలో సాధ్యమగుచున్నది, ఆట వెలుపల సాధ్యమగుట లేదు. అందుచేతనే ఆటలో శిశువు తన వయసునకు మించి ప్రవర్తించునని ఆయన యభిప్రాయము. ఆయన మార్గమున నడచిన పరిశోధకురాలు మనుయిలెంకో 1948లో ప్రకటించిన ప్రయోగము దీనికి సాక్ష్యము. కదలక నిలువుమని ఊరక చెప్పినప్పుడు కొద్దిసేపటికే కదలిపోయిన పిల్లలు, కావలివాని పాత్ర నిచ్చి ఆటలో నిలువుమన్నప్పుడు దానికి ఎన్నోరెట్లు ఎక్కువసేపు నిశ్చలముగా నిలిచిరి. మీరు కోరునది క్రమశిక్షణయే గదా? కూర్చున్నచోట కూర్చుండుట, చెప్పినది వినుట, తన వంతు వచ్చువఱకు ఓర్చుట, ఇవియే గదా మీ తరగతిలో మీకు కావలసినవి? వానిని నేర్పు చోటును మూసివేసి, అవి నేర్వలేదని బిడ్డపై ఫిర్యాదు వ్రాసి పంపుట ఏ న్యాయము?

ఒకనాటి సాయంకాలము సెక్టర్ 6 వీధులలో తీరికగా నడచి చూడుడని మిమ్ము వేడుకొనుచున్నాను. గిన్నెను హెల్మెట్టుగా తలపై బోర్లించుకొన్న యొక బుడుతడు గేటు కడ నిలిచి రాకపోకలు చేయువారిని గేట్‌పాసు అడుగుచుండును. మెట్లపై ఇద్దరు ఆడపిల్లలు ఆకులు తుంచి గుజ్జనగూళ్ళు వండుచుందురు. పోరా పండుగనాడు ఛత్తీస్‌గఢ్ ఇంటింట మగపిల్లలకు మట్టితో చేసిన నందియా బైలా యను ఎద్దుబొమ్మను, ఆడపిల్లలకు మట్టి తిరుగలిని, పొయ్యిని, కుండలను కొని యిత్తురు. ఆ మట్టిబొమ్మలతో శ్రీకాకుళపు మనుమరాలు తన అమ్మమ్మ నేర్పిన వంట వండును. ఆ పిల్ల ఇంటిలో తెలుగు మాటలాడును, వీధిలో హిందీ మాటలాడును, కూరగాయలమ్మి బిడ్డతో ఛత్తీస్‌గఢీలో వాదులాడును, మీ కడకు వచ్చి ఇంగ్లీషు పద్యమును అర్థము తెలియక అప్పగించును. ఈ నాలుగు భాషలును ఒకదానినొకటి పలుకరించుకొను స్థలము ఆమె జీవితమున ఆట యొక్కటియే. వంటయింటి యాటలో అత్తగారు తెలుగున గద్దించును, అంగడివాడు హిందీలో బేరమాడును, డాక్టరు ఇంగ్లీషున మందు చెప్పును. ఎవరితో ఏ మాట, ఏ మర్యాద పలుకవలయునో ఆ బిడ్డ ఎవ్వరును బోధింపకయే దిద్దుకొనుచున్నది. స్వరాష్ట్రమునకు దూరముగా పెరుగు బిడ్డకు తెలుగు నిలిచియుండు తావులు ఎన్ని గలవు? ఇల్లు, గుడి, పండుగ, ఆట. వీనిలో అన్నింటికంటె ఎక్కువ మాటలు పుట్టునది ఆటలోననే. మీరు కత్తిరించిన గంట ఆ బిడ్డ మాతృభాష గంట కూడనని ఒక్కసారియైనను ఆలోచించితిరా?

మా తొక్కుడుబిళ్ళను ఇచ్చట బిల్లస్ అందురు. గోలీలను బాంటీ, బొంగరమును భౌంరా అందురు. 2022 అక్టోబరులో ఈ రాష్ట్రప్రభుత్వము ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ అను పేర ఈ యాటలనే ఊరూర ఆడించి గౌరవించినది. సురవరము ప్రతాపరెడ్డి గారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములను ప్రక్కకు పెట్టి, ఆయా కాలముల పిల్లలు ఏయే యాటలాడిరో పూర్వకావ్యములనుండి ఏరి కూర్చిరి. ఒక జాతి యెట్లు జీవించెనో తెలియుటకు అదియు ఒక ప్రమాణమని వారు భావించిరి. నేటి శిశువుల బాల్యమును గూర్చి రేపు వ్రాయువానికి మీరు ఏమి మిగుల్చుచున్నారు?

మీ ప్రగతిపత్రములలో ఒక వాక్యము మాటిమాటికి కనబడుచున్నది: బిడ్డ ఇతరులతో కలియదు, ఒంటరిగా ఆడుకొనును. దానిని చదివి కన్నీరు పెట్టుకొన్న తల్లులను ఎఱుగుదును. మిల్‌డ్రెడ్ పార్టెన్ అమెరికాలో మినసోటా విశ్వవిద్యాలయపు శిశుశాలలో పిల్లలను చిరకాలము పరిశీలించి, తన ఫలితములను 1932లో ప్రకటించెను. ఒంటరిగా ఆడుట, ఇతరుల యాటను చూచుచు నిలుచుట, ప్రక్కప్రక్కన కూర్చుండి ఎవరి యాట వారు ఆడుకొనుట, ఆ పిమ్మట ఒకరితోనొకరు కలియుట, తుదకు ఒక లక్ష్యముతో కూడి ఆడుట, ఈ విధములన్నియు శిశుశాలలో కానవచ్చుననియు, కూడి ఆడుట వయసుతోపాటు హెచ్చుననియు ఆమె చూపెను. మూడేండ్ల బిడ్డ ఇసుకలో తన ప్రక్కవానితో మాటలాడక, అయినను వానిని విడువక ఆడుకొనుచున్నదనిన, ఆ బిడ్డ సరిగా ఎదుగుచున్నదని యర్థము. శిశువిద్యను వృత్తిగా చేపట్టినవారు ఈ మాత్రము తెలియకుండ తల్లిని ఏడిపింపవచ్చునా? పైగా కలిసి ఆడుకొను చోటును తీసివేసిన పిమ్మట, కలియలేదను ఆరోపణ ఎవరికి చెందవలయును?

మీలో కొందరి ద్వారములపై మాంటిస్సోరి పేరు పెద్ద యక్షరములతో ఉన్నది. ఆ మహనీయురాలు 1907 జనవరిలో రోమునగరపు శాన్ లొరెంజో పేటలో పేదల బిడ్డలకై తన మొదటి శిశుగృహమును తెరచెను. 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన యుపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. కల్పనాక్రీడపై ఆమెకు అంత మక్కువ లేదు. శిశువు నిజమైన పనినే కోరునని ఆమె మతము. ఈ భేదమును నేను దాచను. కాని ఆమె గదిలోనైనను బిడ్డ తాను ఎన్నుకొన్న వస్తువును, నేలపై చాప పఱచుకొని, తనకు తనివి తీరువఱకు వాడుకొనును. గరుకు కాగితపు అక్షరములపై వ్రేలు నడపి, చిన్నచిన్న పిడులను పట్టి తిప్పి, వ్రేళ్ళకు పొందిక కూర్చుకొని, పిదపనే వ్రాతకు దిగును. నాలుగు గీతల పుస్తకమున పుట తరువాత పుట నింపుమని, వ్రేళ్ళింకను కుదురుకొనని చేతికి పెన్సిలిచ్చి కూర్చుండబెట్టు పద్ధతికి ఆమె పేరు పెట్టుట ఆమెకు చేసిన అపచారము. 1920లో భావనగరమున గిజుభాయి బధేకా స్థాపించిన బాలమందిరములో ఆమె పద్ధతికి మన దేశపు కథలు, పాటలు, ఆటలు తోడైనవి. మీకు ఆదర్శము కావలసినచో సముద్రములు దాటి పోనక్కఱలేదు.

మీ పక్షమున చెప్పదగిన మాట ఒకటి కలదు. దానిని మీకంటె ముందుగా నేనే చెప్పుదును. 2013లో ఏంజెలిన్ లిలార్డ్ ప్రభృతులు నటనాక్రీడపై అంతవఱకు జరిగిన పరిశోధనలను పరిశీలించి, అట్టి క్రీడయే బుద్ధివికాసమునకు కారణమని గట్టిగా చెప్పుటకు చాలినంత నిదర్శనము లేదని తేల్చిరి. నిజమును ప్రేమించువారు దీనిని అంగీకరింపవలసినదే. ఆట సర్వరోగనివారిణి యని నేను వాదించుట లేదు. కాని ఆ పండితులే, పిల్లలు తమ చేతులతో, తమ చొరవతో, ఆటవలె సాగించు విద్యాపద్ధతులే శిశువికాసమునకు ఇంతవఱకు తెలిసినవానిలో మేలైనవని అదే వ్యాసమున వ్రాసిరి. ఆటను తీసివేసి ఆ స్థానమున కాపీ వ్రాతను పెట్టుమని చెప్పు పరిశోధన మీ యొద్ద ఏదైన నున్నచో ప్రకటింపుడు. చదువుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

తల్లిదండ్రులే కోరుచున్నారు, మేమేమి చేయగలమని మీరందురు. వారు కోరుచున్న మాట నిజమే. భయముతో కోరుచున్నారు: ప్లాంటులో ఉద్యోగములు తమ తండ్రులకు దొరకినట్లు తమ బిడ్డలకు దొరకవని, పోటీ తీవ్రమైనదని, ఒక్కయేడు వెనుకబడినచో జన్మాంతము వెనుకబడుదురని. ఆ భయమును తీర్చుట మీ ధర్మమా, దానిపై ఫీజు వసూలు చేయుట మీ ధర్మమా? ఈ ఊరి తండ్రికి ఆట విలువను బోధపఱచుట కష్టము కాదు. క్రేన్ అను మాటను నూరుమారులు వ్రాయించి ఎవ్వనిని క్రేన్ ఆపరేటరుగా తయారుచేయలేదని రైల్ మిల్లులో పనిచేయువానికి తెలియదా? మీరు ఒక్కమారు కూర్చుండబెట్టి చెప్పిన వినువారే వారు. మీరు చెప్పలేదు.

దేశము చెప్పిన మాటలు కూడ మీ చెవిని బడియే యుండవలయును. కేంద్రప్రభుత్వము నియమించిన యశ్‌పాల్ సంఘము 1993లోనే నర్సరీ ప్రవేశపరీక్షలను, ఇంటర్వ్యూలను రద్దుచేయుమనియు, పసిపిల్లలపై చదువు, వ్రాత, లెక్కల మోతాదు మోపుట హింసయే యనియు చెప్పినది. ఆడుకొనుటకు శిశువునకు హక్కు కలదని చెప్పు ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో మన దేశము 1992లో చేరినది. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధము బడికి ఆటస్థలము ఉండవలయునని విధించుచున్నది. 2020 పుస్తకాల సంచి విధానము శిశుతరగతులకు సంచియే వలదనియు, రెండవ తరగతి వఱకు ఇంటిపని కూడదనియు చెప్పుచున్నది. అదే సంవత్సరపు జాతీయ విద్యావిధానమును, దానిననుసరించి 2022 అక్టోబరులో వెలువడిన పునాదిదశ పాఠ్యప్రణాళికయు మూడునుండి ఎనిమిదేండ్ల వఱకు విద్యకు ఆటయే ఆధారమనుచున్నవి. అంగన్‌వాడీకి పోవు పేదబిడ్డకు ఆటతో చదువు చెప్పుమని ప్రభుత్వము ఆదేశించుచుండగా, వేలకొలది ఫీజు కట్టు బిడ్డకు ఆ మాత్రము భాగ్యము లేకుండ పోవలసినదేనా?

మీరు మావలెనే ఈ ఊరివారు. మా పండుగలకు వచ్చువారు. మా బిడ్డల పేర్లు ఎఱిగినవారు. కావున మేము కోరునది స్పష్టముగా చెప్పుచున్నాము. ఉదయపు ఆటగంటను మరల పెట్టుడు. దానిని ఉపాధ్యాయిని నడుపు డ్రిల్లుగా మార్పక, పిల్లలు తామెన్నుకొను ఆటకే విడువుడు. అయిదేండ్లు నిండనివారికి పరీక్షను రద్దుచేయుడు. ఆ గంటలో బిడ్డలు తమ యింటి భాషలో మాటలాడినచో గద్దింపకుడు. ఉపాధ్యాయినులకు కూడ ఊరట కలిగింపుడు. ప్రతి దినమును ఇన్ని పుటలు నింపింపవలయునని మీరు పెట్టిన లెక్కకు లోబడి, తమకిష్టము లేకయే వారు ఆ పని చేయుచున్నారని నేనెఱుగుదును. వచ్చు తల్లిదండ్రుల సమావేశమునకు ముందే మీ యుత్తరము వ్రాతపూర్వకముగా, మీ నోటీసుబోర్డుపై, అందఱును చదువునట్లు ఉంచుడు. పెరటి సిమెంటును పెకలించుటకు మనుషులు కావలసినచో మా వీధివారము ఏ ఆదివారమైనను వచ్చి ఆ పని చేయుదుము. ఇసుక తోలించు వ్యయము కూడ మాదే.

ఇట్లు
భవదీయుడు,
సెక్టర్ 6 నివాసి యగు ఒక తాత